చిట్టాలో మిగిలిన పేజీలు

మే 4, 2025, ఆదివారం

పొద్దున అమ్మ జాడీ పగిలింది.

ఆవకాయ పెట్టే ముందు జాడీని వేణ్ణీళ్ళతో కడిగి, రెండు రోజులు ఎండలో బోర్లించడం మా ఇంటి పద్ధతి. కాయలు మంగళవారానికి చెప్పి ఉంచాను. పనికి వచ్చే మనిషి పెరట్లో పంపు దగ్గర జాడీ తోముతోంది. చప్పుడుకి పరిగెత్తి చూస్తే మూడు పెద్ద పెంకులు, చిన్నవి లెక్కలేనన్ని. అడుగు తెలుపు, మెడ నుంచి పైకి తేనెరంగు. మూతి మాత్రం చెక్కుచెదరలేదు. వాసెన తాడు బిగించే గాడితో సహా గుండ్రంగా గచ్చు మీద దొర్లుకుంటూ పోయి తులసికోట దగ్గర ఆగింది.

"సబ్బు నురగండి అమ్మగారూ, సెయ్యి జారిపోయిందండి" అంది.

నేనన్న మాటలు రాయకపోతే ఈ పుస్తకం తెరవడమే దండగ. "నీ సొమ్మయితే ఇలాగే జారవిడుస్తావా? దీని విలువ నీకేం తెలుసు? నాలుగిళ్ళు పట్టుకుంటావు, ఏ ఇంట్లోనూ ధ్యాస పెట్టవు. వచ్చే నెల జీతంలో పట్టుకుంటాను." ఇదంతా పక్కింటివాళ్ళకి వినపడేలా. ఆమె మారు మాట్లాడలేదు. పెంకులు ఏరి చేటలోకి ఎత్తి, గచ్చు కడిగి, మిగిలిన గిన్నెలు కూడా తోమి వెళ్ళింది. వెళ్ళాక చూశాను, చేట అంచున నెత్తుటి మరక. వేలు తెగిందని నాతో చెప్పనే లేదు.

ఆయన ఇంటి లెక్కలు రాసుకునే పొడుగాటి పుస్తకంలో సగం పేజీలు ఖాళీగా ఉన్నాయి. ఆయన పోయి రెండేళ్ళు దాటింది. చివరి పద్దు పాలవాడిది. దాని తర్వాతి పేజీలో ఇది రాస్తున్నాను.

మే 5, సోమవారం రాత్రి

ఇవాళ వేలికి గుడ్డ చుట్టుకుని వచ్చింది. అంట్లు నేను తోముకుంటానులే అన్నాను. "పర్లేదండి" అని తోమేసింది. తప్పయిందని చెప్పడానికి నోరు పెగల్లేదు.

ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకి రోమన్ చరిత్ర చెప్పాను. అగస్టస్ క్రీ.పూ. 27 నుంచి, నీరో క్రీ.శ. 54 నుంచి 68 దాకా. కారణాలు, ఫలితాలు, పదేసి మార్కుల ప్రశ్నలు. ఆ కాలపు మనిషి రాత్రి దీపం ఆర్పాక ఏం ఆలోచించుకునేవాడో సిలబస్‌లో లేదు. రిటైరయ్యాకే నీరో కొలువులో ఉన్న తత్వవేత్త సెనెకాని చదవడం మొదలుపెట్టాను, లాటిన్ రాదు గనక ఇంగ్లీషు అనువాదాల్లో. మధ్యాహ్నం కోపం మీద రాసిన పుస్తకం తీశాను. నోవాటస్ అనే అన్నగారు రాయమని అడిగితే మూడు భాగాలుగా రాశాడు. ఆ అన్నగారే తర్వాత పేరు మారి, మన తెలుగు బైబిల్లో అపొస్తలుల కార్యాల్లో గల్లియోనుగా కనిపిస్తాడు.

మూడో భాగం చివర్లో ఒక అలవాటు చెబుతాడు. సెక్స్టియస్ అనే పాతతరం తత్వవేత్త దగ్గర పట్టుకున్నది. దీపం తీసేశాక, తన అలవాటు తెలిసిన భార్య మాటలు ఆపేశాక, ఆ రోజంతా మళ్ళీ ఒకసారి నడిచి వస్తాడు. ఏ దుర్గుణం ఇవాళ కాస్త తగ్గింది, ఎక్కడ నిలదొక్కుకున్నాను, ఎక్కడ జారాను అని. ఏదీ దాచుకోడు. ఫలానా వాదనలో పట్టుదలకి పోయాను. ఫలానావాడికి బుద్ధి చెప్పబోయి నోరు జారాను, వాడు బాగుపడలేదు సరికదా నొచ్చుకున్నాడు. మళ్ళీ ఇలా చెయ్యకు, ఈసారికి వదిలేస్తున్నాను అని తనకి తనే చెప్పుకుంటాడు. అలా లెక్క తేల్చుకున్నాక పట్టే నిద్ర హాయిగా ఉంటుందంటాడు.

మా ఆయన కూడా రాత్రి భోజనం అయ్యాక ఈ లెక్కల పుస్తకమే ముందేసుకునేవారు. రూపాయి తేడా వచ్చినా పడుకునేవారు కాదు. నేను గదిలో లైటు తగ్గించి మాట్లాడకుండా పడుకునేదాన్ని. అందుకేనేమో, చీకట్లో మాటలు ఆపేసిన సెనెకా భార్య దగ్గర ఆగిపోయాను. ఆవిడ తన రోజుకి ఏం లెక్క వేసుకుందో ఎవరూ రాయలేదు.

ఇంకొన్ని పేజీలు తిప్పితే పగిలిన పాత్ర ఒకటి ఎదురైంది. వేడియస్ పోలియో అనే ధనవంతుడి ఇంట్లో అగస్టస్ చక్రవర్తి విందుకి కూర్చున్నాడు. వడ్డించే బానిస కుర్రాడి చేతిలోంచి స్ఫటికపు గిన్నె జారి పగిలింది. వీణ్ణి తీసుకెళ్ళి కొలనులో చేపలకి వెయ్యండి అన్నాడు పోలియో. అవి మామూలు చేపలు కావు, మలుగుపాముల్లాంటి పెద్ద సముద్రపు చేపలు. కుర్రాడు పట్టు విడిపించుకుని చక్రవర్తి కాళ్ళ మీద పడ్డాడు. ప్రాణం నిలపమని అడగలేదు. చేపల చేత తినిపించకుండా ఇంకేవిధంగానైనా చంపమన్నాడు. అగస్టస్ వాణ్ణి విడిపించి, ఆ ఇంట్లో ఉన్న స్ఫటికపు పాత్రలన్నీ తన కళ్ళముందే పగలగొట్టించి, కొలను పూడ్పించాడు.

పోలియో రాక్షసుడు, నేను కాదు అనుకుని పుస్తకం మూసేద్దామనుకున్నాను. కానీ గిన్నె పగలగానే ఆయన నోట్లోంచి వచ్చిన మాట, నా నోట్లోంచి వచ్చిన మాట ఒకే తావులోంచి వచ్చాయి. పాత్ర నాది, దాన్ని పగలగొట్టిన చెయ్యి కూడా నాదే, ఏమైనా చెయ్యొచ్చు అన్న తావు. చేపల కొలను లేని చోట జీతం కోత ఉంటుంది.

మే 6, మంగళవారం

కాయలొచ్చాయి. ముక్కలు కొట్టించాను. ఆమే టెంకల మీద జీడి తీసి, గుడ్డతో ఒక్కో ముక్కా తుడిచింది. ఆవాలు దంచింది. మూడు గాజు సీసాల్లో పెట్టాను. ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు.

మే 9, శుక్రవారం

మూడో రోజు. ఊరగాయ తిరగకలిపి నూనె పోశాను. సీసాలో అడుగుదాకా గరిటె తిరగదు. జాడీ మళ్ళీ గుర్తొచ్చింది. దానితో ఎపిక్టెటస్ గుర్తొచ్చాడు.

పుట్టు బానిస. నీరో దగ్గర పెద్ద ఉద్యోగం చేసిన ఎపఫ్రొడిటస్ ఆయన యజమాని. ఒక కాలు అవిటి. స్వేచ్ఛ వచ్చాక రోములో పాఠాలు చెబుతుంటే, డొమిషియన్ చక్రవర్తి తత్వవేత్తలందర్నీ వెళ్ళగొట్టాడు. గ్రీసు పడమటి తీరాన నికోపొలిస్‌లో బడి పెట్టుకున్నాడు. సొంతంగా ఒక్క అక్షరం రాయలేదు. అరియన్ అనే శిష్యుడు నోట్సు రాసుకున్నాడు గనక మనకి దక్కాడు. నా క్లాసులో నోట్సు రాసుకున్న పిల్లలందరికీ ఇవాళ మనసులో దండం పెట్టుకున్నాను.

ఆ నోట్సులోంచి తీసి కూర్చిన చిన్న పుస్తకంలో మొదట్లోనే ఒక కుండ ఉంది. నీకొక కుండంటే ఇష్టమైతే, నాకిష్టమైనది ఒక కుండ అని ముందునుంచీ గుర్తుపెట్టుకో, పగిలిన రోజున అల్లాడవు అంటాడు. తేలికగా అన్న మాటలా ఉంటుంది గానీ ఆయన అనుభవం దాని వెనక ఉంది. ఇంట్లో దేవుళ్ళ దగ్గర పెట్టుకున్న ఇనప దీపం ఒక రాత్రి దొంగ ఎత్తుకుపోయాడు. కిటికీ దగ్గర చప్పుడైతే కిందికి దిగి చూసుకున్నాడు, దీపం లేదు. ఎత్తుకుపోయినవాడికి ఆ క్షణాన అదే న్యాయంగా తోచి ఉంటుంది అనుకుని, మర్నాడు మట్టిదీపం తెచ్చుకున్నాడు. ఆయన పోయాక ఆ మట్టిదీపాన్ని ఎవరో మూడు వేల డ్రాక్మాలు పోసి కొన్నారట, దాని వెలుగులో చదివితే జ్ఞానం వస్తుందని.

కుండ దాకా ఒప్పుకుంటాను. అమ్మ జాడీ కూడా జాడీయే. కానీ ఆ పాఠం అక్కడ ఆగదు. భార్యనో బిడ్డనో ముద్దాడేటప్పుడు కూడా, ముద్దాడుతున్నది పోయే ప్రాణాన్ని అని గుర్తుంచుకో, పోయినప్పుడు కలవరపడవు అంటాడు. ఇక్కడ నేను ఆయనతో లేను. మా ఆయన ఆసుపత్రిలో ఉన్న నాలుగు నెలలూ ప్రతి పూటా గుర్తుంచుకున్నాను. డాక్టర్లు దాచలేదు, ఆయనా దాచలేదు. అంత ముందు తెలిసినా ఆ తెల్లవారుజామున నా కాళ్ళు నిలవలేదు. తెలిసి ఉండటం వేరు, తట్టుకోవడం వేరు.

ఒంటరిగా బతికిన ఎపిక్టెటస్ ముసలితనంలో, పెంచే దిక్కులేక వదిలేయబోతున్న ఒక స్నేహితుడి బిడ్డని తెచ్చుకుని పెంచాడని చెబుతారు. సాకడానికి ఒక ఆడమనిషిని కూడా ఇంట్లోకి తెచ్చుకున్నాడు. ఆ బిడ్డని ఎత్తుకున్నప్పుడు కుండ సూత్రం ఏ మాత్రం పనికొచ్చిందో అడగాలని ఉంది.

మే 14, బుధవారం

మాటల మీద రోజంతా గడిచింది. రోమన్లు సద్గుణానికి వాడిన మాట విర్టూస్. విర్ అంటే మగవాడు, దాన్నుంచి వచ్చిందని రోమన్ వక్త సిసెరో తనే చెబుతాడు. మన పౌరుషం అచ్చం అలాగే పురుషుడి నుంచి వచ్చింది. పైగా విర్, వీర ఒకే మూలపు మాటలు. మొదట్లో విర్టూస్ అంటే యుద్ధంలో వెనకడుగు వెయ్యకపోవడమే. మెల్లగా అందులోకి వివేకం, న్యాయం, నిగ్రహం వచ్చి చేరాయి. మన పౌరుషానికి ఆ అదృష్టం పట్టలేదు, మీసం దగ్గరే ఆగిపోయింది. ఎపిక్టెటస్‌కి గురువైన ముసోనియస్ రూఫస్ ఇంకొక అడుగు వేశాడు. ఆడవాళ్ళకీ అదే బుద్ధి, అవే ఇంద్రియాలు ఉన్నాయి, కూతుళ్ళకీ కొడుకులకీ ఒకటే చదువు చెప్పాలి, ఆడవాళ్ళూ తత్వశాస్త్రం చదవాలి అన్నాడు. మొదటి శతాబ్దంలో అన్నాడు. ఆ పేరు ముప్పై ఏళ్ళలో ఒక్క క్లాసులోనూ చెప్పలేదు నేను.

ఇంకో మాట ఒఫీషియం. సిసెరో చివరి పెద్ద పుస్తకం పేరు దాని మీదే. తెలుగులో విధులు అనాలి. మనకి విధి అంటే చెయ్యాల్సిన పనీ అదే, తలరాతా అదే. ఒకే మాటలో రెండూ ఎలా ఇమిడాయా అని చిన్నప్పటినుంచీ నాకు వింత. సెనెకా, ఎపిక్టెటస్ లాంటి స్టోయిక్కులకి ఇది వింతగా ఉండేది కాదు. జరిగేది నీ చేతిలో లేదు, అందులో నువ్వు చెయ్యాల్సింది నీ చేతిలో ఉంది అన్నదే వాళ్ళ సిద్ధాంతమంతా.

విధుల మీది ఆ పుస్తకం సిసెరో క్రీ.పూ. 44లో రాశాడు. మార్చిలో సీజర్ హత్య, ఏడాది చివర్లో ఇది. ఏథెన్స్‌లో చదువుకుంటున్న కొడుక్కి ఉత్తరంలా మూడు భాగాలు. కొడుకు తాగుడికి అలవాటుపడ్డాడని చెప్పుకున్నారు. మూడో భాగంలో ఒక వర్తకుడి కథ పెట్టాడు. రోడ్స్ ద్వీపంలో కరువు. ధాన్యం మండిపోతోంది. ఒక వర్తకుడు ఓడ నిండా గింజలు తెచ్చాడు. వెనకే ఇంకా చాలా ఓడలు వస్తున్నాయని అతనికి తెలుసు, ఊరివాళ్ళకి తెలియదు. చెప్పాలా? చెబితే ధర పడిపోతుంది. చట్టం అడిగినంత వరకు చెబితే చాలు, నేనేమీ అబద్ధమాడటం లేదు కదా అన్నాడు బాబిలోనియా డయోజెనిస్. నువ్వు మనుషుల మేలు కోసం పుట్టావు, వాళ్ళకి పనికొచ్చే నిజం దాచి ఎలా బతుకుతావు అన్నాడు అతని శిష్యుడు యాంటిపేటర్. సిసెరో శిష్యుడి వైపు నిలబడ్డాడు. నీ లాభం కోసం, తెలియాల్సినవాడికి తెలియకుండా చెయ్యడమే దాచడం అన్నాడు.

చదివి కాసేపు వాకిట్లో తిరిగాను. నిరుడు మా ఆయన స్కూటర్ అమ్మాను. కొన్నది ఎవరో డెలివరీ పని చేసుకునే కుర్రాడు. వానాకాలం పొద్దున్నే అది స్టార్ట్ కాదని నాకు బాగా తెలుసు. అతను అడగలేదు. నేను చెప్పలేదు.

మే 18, ఆదివారం

ఎపిక్టెటస్ మీద కోపం తగ్గలేదు గనక సిసెరో ఉత్తరాల దగ్గరికి వెళ్ళాను. క్రీ.పూ. 45 ఫిబ్రవరిలో కూతురు టుల్లియా పోయింది, బిడ్డని కన్న కొన్ని వారాలకి. ముప్పై దాటిన వయసు అంతే. ఇంట్లో ఉండలేక మొదట స్నేహితుడు ఆటికస్ ఇంట్లో ఉన్నాడు. దుఃఖం తగ్గించడానికి ఎవరెవరు ఏం రాశారో అదంతా అక్కడ చదివేశాడు. ఏదీ పని చెయ్యలేదు. తర్వాత సముద్రం పక్కన ఆస్టురాలో ఉన్న తన ఇంటికి పోయాడు. పొద్దున్నే దట్టమైన అడవిలోకి దూరి సాయంత్రం దాకా బయటికి వచ్చేవాడు కాదు. రోజూ ఆటికస్‌కి ఉత్తరం. కూతురికి గుడి కట్టించాలి, స్థలం చూడు, ఎంతయినా పరవాలేదు అని వెంటపడ్డాడు. ఆ గుడి కట్టనేలేదు.

సర్వియస్ సుల్పిషియస్ అనే పెద్దమనిషి ఓదార్చుతూ రాశాడు. ఓడలో వస్తుంటే ఏజినా, మెగరా, కొరింథు, ఒకప్పటి మహానగరాలు శవాల్లా పడి ఉన్నాయి, ఊళ్ళే చచ్చిపోతుంటే మనిషి పోవడం ఎంత అని. గొప్ప ఉత్తరమని అందరూ అంటారు. నాకు మాత్రం పదో రోజున వచ్చి గీత చెప్పిపోయిన దూరపు బంధువు గుర్తొచ్చాడు. సిసెరో మర్యాదగా జవాబిచ్చాడు. వెనకటివాళ్ళకి బిడ్డలు పోతే పట్టుకోవడానికి ప్రజల పని ఉండేది, నాకు సీజర్ వల్ల అదీ లేదు, ఉన్న ఒక్క ఊరటా కూతురే, అదీ పోయింది అన్నాడు.

నాకు నచ్చింది ఆ తర్వాత చేసినది. అడవిలోంచి బయటికొచ్చి రాయడం మొదలుపెట్టాడు. ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ రాసినన్ని పుస్తకాలు జన్మలో ఎప్పుడూ రాయలేదు. దుఃఖం గురించి, ముసలితనం గురించి, స్నేహం గురించి, విధుల గురించి. ఏడుపు పోలేదు, ఏడుస్తూనే పని చేశాడు. క్రీ.పూ. 43 డిసెంబర్ 7న శత్రువైన ఆంటోనీ మనుషులు పట్టుకునేసరికి పారిపోవడం ఆపి, పల్లకీలోంచి మెడ చాచాడు. తలనీ, రాసిన చేతినీ తెచ్చి రోములో ఆయన ఉపన్యాసాలిచ్చిన వేదిక మీదే పెట్టారు.

మే 23, శుక్రవారం

సెనెకా స్నేహితుడు లూసిలియస్‌కి రాసిన ఉత్తరాలు 124 మిగిలాయి. పన్నెండోది ఇవాళ రెండుసార్లు చదివాను. ఊరి బయట ఇంటికి చాలా రోజులకి వెళ్ళాడు. ఇల్లు శిథిలమైపోతోందని ఖర్చు చెబుతుంటే పనివాడి మీద విసుక్కున్నాడు. వాడు జాగ్రత్తగానే చూస్తున్నాడు, ఇల్లే పాతబడింది. ఆ ఇల్లు కట్టించింది తనే. చెట్లు ఎండిపోయాయని కోప్పడ్డాడు. అవి నాటింది తనే. గుమ్మం దగ్గర ఒక ముసలివాడు కనిపిస్తే, ఈ పోయేవాణ్ణి ఎక్కణ్ణుంచి తెచ్చారు అన్నాడు. "నన్ను గుర్తుపట్టలేదా?" అన్నాడు ఆ ముసలివాడు. నేను ఫెలిషియోని, నా చిన్నప్పుడు మీరు బొమ్మలు తెచ్చిచ్చింది నాకే అన్నాడు. సెనెకా నమ్మలేదు, వీడికి మతి పోయింది అనుకున్నాడు. తన వయసు ఎంతయిందో ఆ రోజు ఆ ఇల్లు చెప్పిందని ఉత్తరం రాశాడు.

అందరూ ఇది ముసలితనం మీద ఉత్తరం అంటారు. నాకు ఫెలిషియోయే కనిపిస్తున్నాడు. రెండువేల ఏళ్ళయినా ఆ పేరు నిలిచింది గానీ, ఆ పూట గుమ్మంలో ఆయనకి ఏమనిపించిందో తెలియదు. నలభై ఏడో ఉత్తరంలో ఇదే సెనెకా, బానిసలూ మనుషులే, మనతో ఒకే కప్పు కింద ఉండేవాళ్ళు, విధి ముందు వాళ్ళెంతో మనమూ అంతే, వాళ్ళతో కలిసి కూర్చుని తినడానికి సిగ్గెందుకు అని వాదించాడు. అంత రాసినా, అసలు బానిసత్వమే ఉండకూడదని అనలేదు. తన బానిసల్ని తన దగ్గరే ఉంచుకున్నాడు. ఆ గీత దాటలేకపోయాడు.

మధ్యాహ్నం టీ పెట్టి ఇద్దరికీ పోశాను. నేను కుర్చీలో, ఆమె గడప మీద. కుర్చీ లాగితే కూర్చోలేదు.

"మా ఇంటికొచ్చి ఎన్నాళ్ళయిందమ్మా?"

"పదకొండేళ్ళండి. మీ అబ్బాయిగారి పెళ్ళికి ముందండి."

"మీది ఏ ఊరు?"

"లంకండి. ఇప్పుడు లేదండి, ఏట్లో కోసుకుపోయింది." టీ ఊదుకుంటూ కాసేపు ఆగి అంది, "మా అమ్మకీ అలాంటి జాడీ ఒకటుండేదండి. ఎనబయ్యారు వరదలో పోయింది. అప్పుడు నేను చిన్నపిల్లనండి. ఇల్లు పోయినందుక్కాదు గానండి, దానికోసం మా అమ్మ సానా ఏడిసింది."

దీని విలువ నీకేం తెలుసు అన్నాను ఆమెతో.

మే 29, గురువారం

రోహిణి కార్తె. కరెంటు మూడుసార్లు పోయింది.

సెనెకాని ఎంతవరకు నమ్మాలి అన్న ప్రశ్న పాఠం చెప్పే రోజుల్లో పిల్లలు అడగలేదు, ఇప్పుడు నేనే అడుగుతున్నాను. క్రీ.శ. 58లో సుయిల్లియస్ అనేవాడు బహిరంగంగా నిలదీశాడు. ఏ తత్వశాస్త్రం చదివి నాలుగేళ్ళలో 30 కోట్ల సెస్టర్సులు కూడబెట్టావు అని. ఆ మరుసటి ఏడాది నీరో కన్నతల్లిని చంపించాడు. దాన్ని సమర్థిస్తూ సెనేట్‌కి వెళ్ళిన ఉత్తరం సెనెకా రాసిందేనని చరిత్రకారుడు టాసిటస్ చెబుతాడు. దానికి సమాధానం లేదు. ఎంత ఇష్టమైనా ఆ పద్దు కొట్టెయ్యలేను.

ఇంకో లెక్క కూడా వేశాను. ఏటా భారతదేశానికి 5 కోట్ల సెస్టర్సులు పోతున్నాయని అదే కాలంవాడు పెద్ద ప్లినీ బాధపడ్డాడు, మిరియాలకీ ముత్యాలకీ నేతబట్టలకీ. అంటే సెనెకా ఒక్కడి ఆస్తి ఆరేళ్ళ భారత వ్యాపారం. ఆ డబ్బులో కొంత మన నేలలోనే దొరికింది. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో అగస్టస్, టిబేరియస్‌ల వెండి నాణేల రాశి బయటపడింది. సెనెకా యవ్వనం టిబేరియస్ పాలనలోనే గడిచింది. ఆ నాణేలు ఆయన వాడిన నాణేల్లాంటివే. టిబేరియస్ నాణేల మీద ఒకవైపు చక్రవర్తి తల, రెండోవైపు కూర్చున్న స్త్రీ. మన ప్రాంతాల్లో దొరికిన రోమన్ నాణేల్లో కొన్నిటి మీద గాట్లు ఉంటాయి. చక్రవర్తి ముఖాన్ని చూసి నమ్మకుండా లోపల లోహం ఏమిటో గీసి చూసుకున్నారేమో అనుకుంటాను నేను.

గీసి చూస్తే సెనెకాలో ఏముంది? క్రీ.శ. 62లో ఆస్తంతా తిరిగి తీసుకో, నన్ను వదిలెయ్ అని నీరోని అడిగాడు. నీరో వదల్లేదు. 65లో కుట్రలో పేరు కలిపి చావమని కబురు పంపాడు. వీలునామా రాసుకోనివ్వమంటే సైనికాధికారి ఒప్పుకోలేదు. అయితే నా దగ్గర మిగిలింది నా బతుకు తీరు ఒక్కటే, అదే మీకిస్తున్నాను అన్నాడు స్నేహితులతో. నరాలు కోసుకున్నాడు, నెత్తురు నెమ్మదిగా కారింది. విషం తాగాడు, పని చెయ్యలేదు. చివరికి వేడినీళ్ళ గదిలో ఆవిరికి ఊపిరాగింది. భార్య పౌలీనా కూడా నరాలు కోసుకుంటే నీరో మనుషులు కట్లు కట్టించి బతికించారు. ఆ తర్వాత కొన్నేళ్ళు పాలిపోయిన ముఖంతో బతికింది.

తాను రోగినని, పక్క మంచం మీది రోగితో మాట్లాడుతున్నానని ఉత్తరాల్లో ఆయనే రాసుకున్నాడు. అలాగే చదువుతాను. లోపల లోహం ఉంది. కల్తీ కూడా ఉంది.

జూన్ 1, ఆదివారం

జీతం ఇచ్చాను. లెక్కపెట్టుకుని నిలబడింది.

"జాడీ డబ్బులు పట్టుకోలేదేంటండి?"

"పట్టుకోను. ఆ రోజు అనరాని మాటలన్నాను. తప్పు నాదే, మనసులో పెట్టుకోకమ్మా."

ఆమె ఏమీ అనలేదు. నోట్లు కొంగున ముడేసుకుని వంటింట్లోకి వెళ్ళి, "మూడో సీసా మూత బిగియట్లేదండి, సీమలు పడతాయి, గుడ్డ కట్టనా?" అని అడిగింది. నా పాత చీర చింపి ఇచ్చాను.

జూన్ 3, మంగళవారం

మార్కస్ ఆరేలియస్ రాసుకున్నది కూడా ఇలాంటి నోటుపుస్తకమే. చక్రవర్తిగా క్రీ.శ. 161 నుంచి 180 దాకా, అందులో చాలా ఏళ్ళు డాన్యూబ్ సరిహద్దు డేరాల్లో. దేశంలో మహమ్మారి, ఎదుట యుద్ధం. ఒక భాగం మీద క్వాడీల దేశంలో, గ్రాన్ నది దగ్గర అని ఉంటుంది, ఇంకోదాని మీద కార్నుంటంలో అని. ఎవరో చదవాలని రాయలేదు. లాటిన్‌లో పాలించి గ్రీకులో తనతో తను మాట్లాడుకున్నాడు. పధ్నాలుగు మంది దాకా బిడ్డలు పుడితే ఎక్కువమంది చిన్నతనంలోనే పోయారు. మిగిలిన కొడుకు కొమోడస్‌కి రాజ్యం ఇచ్చాడు. అది ఆయన లెక్కలో పెద్ద తప్పు.

మొదటి భాగమంతా బాకీల పట్టీ. తాతగారి దగ్గర ఇది, అమ్మ దగ్గర ఇది, పెంచిన తండ్రి దగ్గర ఇది అని పద్దులు పద్దులుగా. అలెగ్జాండర్ అనే గురువు దగ్గర నేర్చుకున్నది చదివి ఆగిపోయాను. అవసరం లేకుండా తీరిక లేదు అని ఎవరితోనూ అనకూడదు, ఉత్తరంలోనూ రాయకూడదు, మన మీద ఆశపెట్టుకున్నవాళ్ళని అలా తప్పించుకోకూడదు అని. చెల్లెలు వారం నుంచి ఫోన్ చేస్తోంది. పనిలో ఉన్నాను, తర్వాత చేస్తాను అంటూ వచ్చాను. ఏ పనీ లేదు. దాని మోకాళ్ళ నొప్పుల సంగతి వినే ఓపిక లేదు, అంతే. రాత్రి చేశాను. గంట మాట్లాడింది.

జూన్ 8, ఆదివారం

మృగశిర. సాయంత్రం నాలుగు చినుకులు పడ్డాయి.

ఆవకాయ ఊరింది. మూడో సీసా ఆమె పట్టుకెళ్ళింది. ముక్కలు తుడిచిందీ ఆవాలు దంచిందీ ఆమే. జాడీ మూతిని తులసికోట చుట్టూ ఉన్న మట్టిలో గుచ్చాను. పెంకులు పారేశాను.

పొద్దున ఆయన బీరువాలో కాగితాలు వెతికితే స్కూటర్ అమ్మిన రసీదు దొరికింది. వెనక ఆ కుర్రాడి ఫోన్ నంబరు నా చేతిరాతలోనే ఉంది. ఇవాళ ఆదివారం, డెలివరీల తొందరలో ఉంటాడు. రేపు పొద్దున చెయ్యాలి.